మీ పోరాటంలో మా వాటా ఎంత? అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జిల సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జిల సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు పెద్దవాళ్ళకు ప్రభుత్వ కాగితాలు చదివిపెట్టి, ఫారాలు నింపిపెట్టే వలంటీర్లలో నేనొకడిని. మేం లాయర్లం కాం. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్లు, వైకల్య భృతి ఇచ్చే ఫెడరల్ సంస్థ) కవరు చూడగానే బీపీ పెరిగే అమ్మమ్మలు, తాతయ్యలు, జీతం రాని సంగతి ఇంట్లో చెప్పుకోలేని కుర్రవాళ్ళు మా దగ్గరికి వస్తారు. వాళ్ళ కేసులు చాలావరకు చివరికి చేరేది మీ సభ్యుల ముందుకే. వాళ్ళ ఇబ్బందులన్నీ రాసి పోయినేడు మీలో ఒక సంఘానికి పంపాం. అందినట్టు కూడా కబురు లేదు. గుర్తు చేస్తూ మళ్ళీ రాసినా అంతే. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాం. దీని ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాం. తమ తరఫున ఏం అడుగుతున్నామో మీ ముందు హాజరయ్యే మావాళ్ళకూ తెలియాలని ఇక్కడ తెలుగులో పెడుతున్నాం.

తెలుగు పాఠకుల కోసం ముందు నాలుగు మాటలు. అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి అంటే మామూలు కోర్టు జడ్జి కాదు. ప్రభుత్వ శాఖలోనే ఉద్యోగి. ఆ శాఖ తీసుకున్న నిర్ణయం తప్పని ఎవరైనా అప్పీలు చేస్తే, విచారణ జరిపి తీర్పు చెప్పేది ఈయనే. వీళ్ళలో అత్యధికులు సోషల్ సెక్యూరిటీలో ఉన్నారు. కార్మిక శాఖలో, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) అప్పీళ్ళలో, ఇంకా అనేక సంస్థల్లో మిగిలినవాళ్ళు ఉన్నారు. దొర మీద ఫిర్యాదును దొర దగ్గర జీతం తీసుకునే మనిషే విన్నట్టుంటుంది కదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ అనుమానం 1946లో అమెరికా కాంగ్రెస్‌కూ వచ్చింది. అందుకే ఆ ఏడాది తెచ్చిన చట్టంలో కొన్ని అడ్డుకట్టలు వేశారు. సరైన కారణం ఉందని, ఫెడరల్ ఉద్యోగుల కేసులు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డు (మొదట్లో సివిల్ సర్వీస్ కమిషన్) విచారించి తేలిస్తే తప్ప శాఖ ఈ జడ్జిని తీసెయ్యకూడదు. మిగతా ఉద్యోగులకు ఇచ్చినట్టు పనితీరు మార్కులు వెయ్యకూడదు, బోనస్ ఆశ చూపకూడదు.

ఈ రక్షణలను నిలబెట్టడానికి మీ సంఘాలు చేసిన పని చిన్నది కాదు. మిమ్మల్ని ట్రయల్ ఎగ్జామినర్లు అనే రోజుల్లోనే, పదోన్నతులు, కేసుల పంపిణీ, ఉద్యోగాల కోత మీద ఉన్న సివిల్ సర్వీస్ నియమాలను మీ ముందుతరం సంఘం సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 1953లో ఓడిపోయింది. 1980ల మొదట్లో సోషల్ సెక్యూరిటీ, ఎక్కువమందికి వైకల్య భృతి మంజూరు చేసే జడ్జిలను ఏరి, వాళ్ళ తీర్పులనే తిరగదోడే పద్ధతి పెట్టింది. మీ సంఘం కోర్టుకు వెళ్ళింది. అడిగిన ఉత్తర్వు దొరకలేదు గానీ, ఆ పద్ధతి ఉద్రిక్తతనూ అన్యాయాన్నీ పుట్టించిందని వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు 1984లో స్పష్టంగా రాసింది. ఆ కేసు మాకు నచ్చడానికి కారణం ఒక్కటే: అందులో మీ ఇబ్బందీ, మా ఇబ్బందీ ఒకటే. మంజూరు చేస్తే పైవాళ్ళ కన్ను పడుతుందని జడ్జికి టెన్షన్ ఉంటే, నష్టపోయేది నడుం విరిగి ఇంట్లో కూర్చున్న మనిషే.

ఆ తర్వాత పరిస్థితి మారింది. 2018 జూన్‌లో లూసియా కేసులో, షేర్ మార్కెట్లను చూసే సెక్యూరిటీస్ కమిషన్ జడ్జిలు రాజ్యాంగం చెప్పే 'అధికారుల' కిందికే వస్తారని, అంటే శాఖాధిపతి స్థాయిలోనే వాళ్ళ నియామకం జరగాలని సుప్రీంకోర్టు చెప్పింది. నెల తిరగకముందే, జులై 10న వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు మీ నియామకాలను పోటీ పరీక్ష, మెరిట్ జాబితా పద్ధతి నుంచి తప్పించి శాఖాధిపతుల చేతికిచ్చింది. 2025 ఫిబ్రవరిలో న్యాయశాఖ ఇంకో అడుగు ముందుకేసి, మిమ్మల్ని తొలగించడానికి అడ్డుగా ఉన్న అంచెలంచెల రక్షణలు రాజ్యాంగ విరుద్ధమని, కోర్టుల్లో వాటిని ఇక సమర్థించబోమని ప్రకటించింది. మిమ్మల్ని కాపాడాల్సిన మెరిట్ బోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2017 నుంచి 2022 దాకా అయిదేళ్ళు దానికి కోరమే, అంటే నిర్ణయం తీసుకోడానికి కావలసినంతమంది సభ్యులే లేరు.

ఈ పరిస్థితిలో మీ పోరాటానికి జనం మద్దతు కావాలి. అది ఎందుకు దొరకడం లేదో మొహమాటం లేకుండా చెబుతాం. మీ మాటలు వింటుంటే అది మీ ఉద్యోగాల గొడవలా ఉంది. తొలగింపు రక్షణ, నియామక పద్ధతి, సర్వీసు వర్గం అంటే మా దగ్గరికి వచ్చే పెద్దావిడకు ఏం అర్థమవుతుంది? 'వాళ్ళ కుర్చీల గోల మనకెందుకు' అనుకుంటుంది. ఆ కుర్చీ గట్టిగా లేకపోతే ముందు కింద పడేది తనేనని ఆవిడకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సింది మీరు. అలా చెప్పాలంటే ఆవిడ కష్టాలు కూడా మీ డిమాండ్ల జాబితాలోకి రావాలి. మేం రాసిన లేఖ సారం అదే. వివరంగా మళ్ళీ చెబుతున్నాం.

1. నిరీక్షణ.

2017లో సోషల్ సెక్యూరిటీ విచారణ కోసం సగటున 600 రోజులకు పైగా ఆగాల్సి వచ్చింది. పెండింగ్ కేసులు 11 లక్షలు దాటాయి. తర్వాత ఆ సంఖ్య చాలా తగ్గింది, ఒప్పుకుంటాం. అయితే ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2020లో ఇచ్చిన లెక్క ఒకటుంది. 2008 నుంచి 2019 దాకా వైకల్య భృతి అప్పీలులో తుది నిర్ణయం రాకముందే చనిపోయినవాళ్ళు 1,09,725 మంది. 2014 నుంచి 2019 దాకా, అలా ఎదురుచూస్తూనే దివాలా పిటిషన్ వేసినవాళ్ళు దాదాపు 48 వేల మంది. ఆ తర్వాత మళ్ళీ సిబ్బందిని కుదించడం మొదలుపెట్టారు. 57 వేల మందిని 50 వేలకు తెస్తామని 2025 ఫిబ్రవరిలో సోషల్ సెక్యూరిటీ ప్రకటించింది. జడ్జిని కదపకుండా, ఫైలు సిద్ధం చేసే గుమాస్తాను తీసేసినా విచారణ ఆగిపోతుంది. కాబట్టి మీ స్వతంత్రత గురించి మాట్లాడే ప్రతిచోటా సహాయక సిబ్బంది గురించీ మాట్లాడండి. ఏ హియరింగ్ ఆఫీసులో ఎంత ఆలస్యం అవుతోందో, ఎందుకవుతోందో జడ్జిల వైపు నుంచి ఏడాదికొకసారి మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక నివేదిక ఇవ్వండి.

2. ఏడాదికి 500 నుంచి 700 కేసులు.

ఒక్కో జడ్జి ఏడాదికి ఇన్ని కేసులు తేల్చాలన్న లక్ష్యం 2007 నుంచి మీ మెడ మీద ఉంది. అది పేరుకే లక్ష్యమని, నిజానికి కోటా అని మీ సంఘం కోర్టుకెళ్ళింది. 2015లో సెవెంత్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు, ఇది ఉద్యోగ షరతుల వ్యవహారం, మా పరిధిలోకి రాదని పంపేసింది. కేసు వెయ్యడం సరైనదే. కానీ అందులో మీరు ఎంచుకున్న వాదన మమ్మల్ని బాధపెట్టింది. మంజూరు తీర్పు రాయడానికి తక్కువ సమయం పడుతుంది, దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి కోటా వల్ల జడ్జిలు ఎక్కువమందికి మంజూరు చేసే వైపు మొగ్గుతారు అన్నారు. మరి వందల పేజీల మెడికల్ ఫైలు సరిగ్గా తిరగెయ్యకుండా తిరస్కరించిన కేసుల మాటేమిటి? తొందర రెండు వైపులా తప్పు చేయిస్తుంది. మీరు ఒక వైపే చెప్పారు. జనం డబ్బు వృథా అవుతోందంటే కోర్టు చెవికి ఎక్కుతుందని మీ లాయర్లు అనుకుని ఉండవచ్చు. అర్హత ఉండి ఓడిపోయినవాడి తరఫున మాత్రం ఆ కోర్టు గదిలో ఎవరూ లేరు.

లెక్క చూడండి. ఏడాదిలో పనిదినాలు సుమారు 250. తక్కువలో తక్కువ 500 అనుకున్నా రోజుకు రెండు కేసులు. అందులోనే ఫైలు చదవాలి, విచారణ జరపాలి, తీర్పు సరిచూసుకోవాలి. దుబాసీతో జరిగే విచారణలో ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ రెండేసి సార్లు పలకాలి. అంటే అదే గంటలో మావాడికి దక్కేది సగం గంట. దుబాసీ ఉన్న కేసుకు కేటాయించే సమయం రెట్టింపు చెయ్యాలని, లక్ష్యాల లెక్కలో దాన్ని వేరుగా చూడాలని మీరు యాజమాన్యంతో జరిపే చర్చల్లో అడగండి.

3. దుబాసీ, ఫోను విచారణ.

సోషల్ సెక్యూరిటీ దుబాసీని ఉచితంగా ఇస్తుంది. ఇది మంచి ఏర్పాటు, చాలామంది తెలుగువాళ్ళకు తెలియదు కూడా. చిక్కు దాని నాణ్యతలో ఉంది. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన విచారణ ఫోనులో జరిగింది. పక్కన కొడుకు కూర్చున్నాడు. ఆయన శ్రీకాకుళం యాసలో, ఎంతసేపు నిలబడగలడో, మెట్లెక్కితే ఏమవుతుందో, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో చెప్పుకుంటూ పోయాడు. దుబాసీ దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. కొడుకు అడ్డుపడబోతే సాక్షి ఒక్కరే మాట్లాడాలన్నారు. నియమం ప్రకారం అది సరే. కానీ ఆ పెద్దాయన చెప్పింది రికార్డులోకి ఇంగ్లీషులో ఎక్కలేదు. వైకల్యం కేసులో మనిషి గంటలో ఎంతసేపు కూర్చోగలడు, ఎంత బరువు ఎత్తగలడు అన్న వివరాల మీదే తీర్పు నిలబడుతుంది. అవే రాలిపోయాయి.

కొవిడ్‌తో 2020లో మొదలైన ఫోను, వీడియో విచారణలు ఇప్పుడు మామూలు పద్ధతి అయ్యాయి. 2024 నవంబరు నుంచి నియమాల్లోనే అలా రాసుకున్నారు. దూరం వెళ్ళలేనివాళ్ళకు అది మేలే, కాదనం. అయితే ఫోనులో జడ్జికి మనిషి నడక కనిపించదు, దుబాసీకి ముఖం కనిపించదు. మీ సభ్యులను మేం కోరేది రెండు పనులు: విచారణ మొదట్లోనే దుబాసీ చేత ప్రతి వాక్యం పూర్తిగా చెప్పించడం, అనువాదం మీద అభ్యంతరం ఉంటే చెప్పుకోడానికి చివర్లో రెండు నిమిషాలు ఇవ్వడం. దీనికి చట్టం మారనక్కర్లేదు. మీ సంఘం ఒక సలహాపత్రం పంపితే చాలు.

4. ఇండియా ప్రయాణం, ఊళ్ళో భూమి.

మా దగ్గరికి వచ్చే కేసుల్లో అతి ఎక్కువ ఏడిపించేది ఇదే కాబట్టి కాస్త విపులంగా రాస్తున్నాం.

తల్లిదండ్రులు గ్రీన్ కార్డు మీద వచ్చి, ఏళ్ళు గడిచాక పౌరసత్వం తీసుకుని, అరవై అయిదు దాటాక ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి బాగా తక్కువున్న వృద్ధులకు, వికలాంగులకు సోషల్ సెక్యూరిటీ ఇచ్చే) భృతి పొందుతున్న కుటుంబాలు మాలో ఉన్నాయి. ఈ పథకంలో రెండు నియమాలు మావాళ్ళను పట్టుకుంటాయి. మొదటిది: వరసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే భృతి ఆగుతుంది. తిరిగొచ్చాక వరసగా 30 రోజులు ఇక్కడ ఉంటేగాని మళ్ళీ మొదలవదు. మనవరాలి పెళ్ళికని తెనాలి వెళ్ళినవాళ్ళు మూడు వారాల్లో తిరిగొస్తారా? టికెట్టుకు పెట్టిన డబ్బుకైనా మూడు నెలలు ఉంటారు. చెప్పి వెళ్ళాలని వాళ్ళకు తెలియదు. భృతి బ్యాంకులో పడుతూనే ఉంటుంది. ఏడాది, రెండేళ్ళ తర్వాత, ఇన్ని వేల డాలర్లు అదనంగా తీసుకున్నారు, వెనక్కి కట్టండి అని నోటీసు వస్తుంది. ఆ నోటీసు వచ్చేనాటికి వాళ్ళు మళ్ళీ ఇండియాలో ఉంటే, అప్పీలుకిచ్చిన 60 రోజుల గడువు కవరు తెరవకుండానే గడిచిపోతుంది.

రెండోది ఆస్తి పరిమితి. ఒక్కరికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. 1989 నుంచి ఈ అంకె మారలేదు. ఈ లోపల పాలు, బియ్యం, అద్దె ఎంత పెరిగాయో చెప్పనక్కర్లేదు. ఊళ్ళో తాతల నాటి ఎకరం ఉందనుకోండి. పాస్‌పుస్తకం పెద్దన్నయ్య పేరు మీద ఉంటుంది. పంపకాలు కాలేదు. చెల్లెలి వాటా సంగతి తేలలేదు. ఒక పక్క కోర్టు కేసు. ఆ భూమి ఈయన అమ్ముకోగలిగిన ఆస్తేనా? నియమాల ప్రకారం, అమ్మి డబ్బు చేసుకునే హక్కు ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే జడ్జికి ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో, పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన ఏం రుజువవుతుందో, ఏం రుజువు కాదో తెలియాలి. అది తెలియని జడ్జిది తప్పు కాదు. మా ఊరి తహసీల్దారుకే ఒక్కోసారి తేలదు. కానీ తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం ఆ ముసలాయనదే.

ఫలానా తీర్పు ఇమ్మని మేం అడగడం లేదు. అలా అడిగితే మీ స్వతంత్రతకు మేమే గండి కొట్టినట్టు. మీ సంఘాలు ఏటా సభ్యులకు శిక్షణ సదస్సులు పెట్టుకుంటాయి. అందులో ఒక పూట విదేశీ ఆస్తి పత్రాల మీద, గడువు దాటిన అప్పీళ్ళలో సరైన కారణంగా దేన్ని చూడాలన్న దాని మీద పెట్టండి. భారతీయ భూమి రికార్డులు తెలిసినవాళ్ళను మేం చూపిస్తాం. తెలుగువాళ్ళకే కాదు, గుజరాతీలకు, పంజాబీలకు, ఫిలిప్పీన్స్‌వాళ్ళకు, ఊళ్ళో నాలుగు సెంట్లు వదిలి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది.

5. హెచ్-1బి జీతాల కేసులు.

కార్మిక శాఖలో ఉన్న మీ సభ్యులకు తెలుగు ఇంటిపేర్లు కొత్తకావు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా హెచ్-1బి ఉద్యోగికి జీతం ఇచ్చి తీరాలని 1998 నుంచి చట్టంలో ఉంది. వీసా ఫైలింగ్ ఖర్చులు ఉద్యోగి నెత్తిన రుద్దకూడదనీ ఉంది. మనవాళ్ళు పెట్టిన కన్సల్టెన్సీలే మనవాళ్ళ జీతం ఎగ్గొట్టిన కథలు ప్రతి పార్టీలోనూ వినిపిస్తాయి, ఫిర్యాదు దాకా వెళ్ళేవి కొన్నే. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు కార్మిక శాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చెయ్యాలి. అక్కడ వచ్చిన నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో జడ్జి విచారణ అడగాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోవే. ఉద్యోగం పోయి, 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే దేశం వదలాల్సిన కుర్రాడు ఈ 15 రోజుల గురించి ఎవరిని అడుగుతాడు?

అవతల కంపెనీకి లాయర్లుంటారు. ఇతను తన కేసు తానే వాదించుకుంటాడు. ఈ రెండు పక్షాల మధ్య కూర్చున్న జడ్జి, వీసాల మీద ఆ ఏడాది ప్రభుత్వం మనసు ఎటుందో చూసుకోకుండా తీర్పు చెప్పగలగాలి. విదేశీ ఉద్యోగుల మీద కోపం ఎక్కువున్న రోజుల్లో ఇంకా గట్టిగా చెప్పగలగాలి. మీ తొలగింపు రక్షణ ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు. దీన్ని మీ వాదనల్లో వాడుకోండి. దాంతోపాటు, లాయరు లేకుండా వచ్చేవారి కోసం విచారణ ఎలా నడుస్తుందో, ఏ కాగితం ఎప్పుడు ఇవ్వాలో చెప్పే నాలుగు పేజీల పుస్తకం తయారు చెయ్యండి. తెలుగులోకి మార్చే పని మాది, పైసా అక్కర్లేదు.

6. లేని ఉద్యోగాలు.

ఇది చిన్న పాయింటే. నీ పాత పని చెయ్యలేకపోయినా దేశంలో ఇంకేదో తేలికపని చెయ్యగలవు అని చెప్పి భృతి నిరాకరించడానికి వాడే ఉద్యోగాల జాబితా చివరిసారి 1991లో సవరించింది. అందులోని 114 రకాల ఉద్యోగాలను ఇక వాడబోమని, ఇంకో 13 రకాలను అదనపు ఆధారం ఉంటేనే వాడతామని 2024లో సోషల్ సెక్యూరిటీ చెప్పింది. అంతకుముందు ఆ ఉద్యోగాలు చూపించి తిరస్కరించిన పాత కేసులను తిరిగి చూడాలని మీ సంఘాలు గట్టిగా అడగాలి.

7. తప్పు చేసిన జడ్జి.

మీ రక్షణలు కావాలని అడిగే మేమే ఇది కూడా అడగాలి. వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ ఆఫీసులో ఒక జడ్జి ఒక లాయరు నుంచి డబ్బు తీసుకుని అతని కేసులన్నీ వరసగా మంజూరు చేశాడు. ఆఫీసు ఉద్యోగులు ముందే చెప్పినా పైవాళ్ళు ఏళ్ళతరబడి పట్టించుకోలేదు. 2017లో ఆ జడ్జికి జైలుశిక్ష పడింది. కానీ అంతకు రెండేళ్ళ ముందే, ఆ లాయరును నమ్మిన కెంటకీ కొండప్రాంతపు పేదలు వందలమందికి భృతి ఆపేస్తూ నోటీసులు వెళ్ళాయి. వాళ్ళలో నిజంగా మంచాన పడ్డవాళ్ళున్నారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా, జడ్జిలను తీసేసే అధికారం మాకివ్వండి అని పైవాళ్ళకు ఒక సాకు దొరుకుతుంది. ఆ సాకు దొరక్కుండా చెయ్యడం మీ చేతిలోనే ఉంది. జడ్జి ప్రవర్తన మీద ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో, చేశాక ఏమైందో మామూలు మనిషికి తెలిసే పద్ధతి కావాలని మీరే ముందుకొచ్చి అడగండి. తోటి జడ్జిని వెనకేసుకురావడం సంఘం పని కాకూడదు.

ఇవన్నీ విని, మా చేతిలో ఏముంది, ఇవి శాఖ నిర్ణయాలు అని మీరనవచ్చు. కొంత నిజమే. కానీ కాంగ్రెస్ కమిటీల ముందు మాట్లాడే అవకాశం మీకుంది. కోర్టులో కేసు వేసే శక్తి మీకుంది, మూడు తరాలుగా వేస్తూనే ఉన్నారు. మీ యూనియన్‌కు యాజమాన్యంతో బల్లకు ఎదురుగా కూర్చునే హక్కు ఉంది. మా దగ్గర ఇవేవీ లేవు. ఉన్నదల్లా, మీ స్వతంత్రత ఎందుకు కావాలో తమ బతుకుతో చెప్పగలిగిన మనుషులు. ఆ మనుషులు మీ పక్కన నిలబడటానికి సిద్ధంగా ఉన్నారు, పిలిచేవాళ్ళుంటే.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట. మహాసభలకు సినిమావాళ్ళను పిలవడానికి దొరికే తీరిక, మన పెద్దవాళ్ళ విచారణలకు ఒక దుబాసీ జాబితా తయారు చెయ్యడానికి దొరకడం లేదు. అడిగి విసిగిపోయాం. ఈ జడ్జిల విషయం మనకు సంబంధం లేనిది కాదు. మనలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: హైదరాబాదులో ఉద్యోగుల సర్వీసు కేసులు వినడానికి 1970ల నుంచీ ఒక అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది. 2016లో తెలంగాణ, ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్ దాన్ని వదిలించుకున్నాయి. వేల కేసులు కట్టలు కట్టి హైకోర్టులకు పంపారు. ట్రిబ్యునల్ బాగా పనిచేసిందని అందరూ అనరు, నేనూ అనను. కానీ పెన్షన్ కేసు వేసి ఆ బదిలీలో ఇరుక్కుపోయిన ఒక్క ఉపాధ్యాయుడిని అడిగి చూడండి, వినే చోటు మారిపోతే ఏమవుతుందో చెబుతాడు.

చివరిగా, మేం కోరే జవాబు గురించి. పైన చెప్పిన ఏడింటిలో వేటిని మీ సంఘం చేపడుతుందో, వేటిని చేపట్టదో, చేపట్టకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. కుదరదన్నా ఫరవాలేదు, కారణం ఉంటే చాలు. ఈ నెలాఖరులోగా రెండు పనులు మాత్రం ఆలస్యం లేకుండా చెయ్యవచ్చు: దుబాసీ ఉన్న విచారణల మీద సభ్యులకు సలహాపత్రం పంపడం, వచ్చే శిక్షణ సదస్సులో విదేశీ ఆస్తి పత్రాల మీద ఒక పూట కేటాయించడం. జవాబు రాకపోతే ఇదే లేఖను, మా దగ్గరున్న కేసుల వివరాలను పేర్లు తీసేసి జతచేసి, న్యూజెర్సీ నుంచి ఎన్నికైన ప్రతినిధుల సభ సభ్యులకు, ఇద్దరు సెనేటర్లకు పంపుతాం. అందులో మీ స్వతంత్రతను సమర్థించే పేరాలు అలాగే ఉంటాయి. మీరు జవాబివ్వలేదన్న పేరా కూడా ఉంటుంది.

గౌరవంతో,
ఎడిసన్ ప్రాంత తెలుగు వలంటీర్ల తరఫున ఒకరు